ముప్పై ఆరు వారాల పలకరింపులు

ఆ ప్రైమరీ స్కూల్లో ఫ్రెంచి చెప్పే టీచరుకి పిల్లలు ఫ్రెంచి నమస్కారం 'బొంజూర్'ని కలిపి పెట్టిన పేరు బొంజూరమ్మ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పొరపాటున ఎవరైనా అలా పిలిస్తే పలుకుతుంది కూడా. పంతొమ్మిదేళ్లుగా ఎంతమంది పిల్లల నోటనో నాలుగు ఫ్రెంచి ముక్కలు పలికించింది గానీ పుస్తకం తెరిచింది తక్కువ. ఆవిడకి పుస్తకం, నల్లబల్ల, సుద్దముక్క అన్నీ సొంత తమ్ముడే.

తమ్ముడు లిఫ్టు మెకానిక్. సిగ్గనేది పుట్టుకతోనే లేదు. తినడం అనే మాట నేర్పాలంటే బుగ్గలు పగిలేలా కుక్కుకుంటున్న తమ్ముడి ఫోటో. పరిగెత్తడం అంటే ఒంటి చెప్పుతో పరిగెత్తుతున్న తమ్ముడు. ఏడవడం అంటే బకెట్లో ఇరుక్కుపోయిన తమ్ముడు. ఫోటోలు తీసేది అతని భార్య. స్టూడియోలో పని కాబట్టి లామినేషన్ కూడా ఆమెదే. అలా అరవై నాలుగు కార్డులయ్యాయి. హెడ్‌మేడమ్ పేరు అడిగితే నీళ్లు నమిలే పిల్లలు కూడా వీధిలో అతను కనబడితే చుట్టుముట్టేవాళ్లు. అతను మాత్రం ఊరుకునే రకమా? నడిరోడ్డు మీద ఏడుపు మొహం పెట్టేవాడు. వాళ్లు ఫ్రెంచిలో ఆ మాట చెప్పేదాకా కదిలేవాడు కాదు.

నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం, పనిలో ఉండగానే అతని గుండె ఆగిపోయింది.

ఆవిడ వారం తర్వాత స్కూలుకొచ్చింది. హాజరు వేసింది, పాట పాడించింది, గంట కొడితే లేచింది. ఎంత నిబ్బరమో అని అందరూ మెచ్చుకున్నారు. నిబ్బరమూ కాదు, పాడూ కాదు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ ఉంటుందే, ఆవిడకి ఒళ్లంతా అలా ఉంది.

ఇంతలో కొత్త ఏడాది పాఠాల ప్లాను అడిగారు. ముప్పై ఆరు వారాలు, వారానికో వరుస. ఏం చెప్తారు, ఎలా చెప్తారు, ఏం సామగ్రి కావాలి. శుక్రవారంలోపు ఇవ్వకపోతే ఫ్రెంచిని టీవీ పాఠాలకి అప్పగించి ఆవిడని లైబ్రరీలో కూర్చోబెడతామని యాజమాన్యం కుండబద్దలు కొట్టి చెప్పింది. ఆవిడ సోమవారమే ఇచ్చేసింది.

మంగళవారం హెడ్‌మేడమ్ పిలిచింది.

"కూర్చోండి మేడమ్. ఇది మీరే రాశారా?"

"నేనేనండీ."

"ఇంకోసారి చదవండి."

చదివింది. మొదటి వారం: పలకరింపులు, పాట. రెండో వారం: పలకరింపులు, పాట. ముప్పై ఆరో వారం దాకా అదే. తేదీలు మాత్రం పొల్లుపోలేదు, సెలవులతో సహా. సామగ్రి గడి మొత్తం ఖాళీ.

"ఏడాది పొడుగునా నమస్కారాలు పెడుతూ కూర్చుంటే పిల్లలు మిమ్మల్ని ఎన్నికల్లో నిలబడ్డారనుకుంటారు," అంది హెడ్‌మేడమ్. "దీన్ని నేను చూడలేదు. పట్టుకెళ్లి శుక్రవారం తీసుకురండి."

ఇక్కడ సిగ్గుపడాలని ఆవిడకి తెలుసు. సిగ్గు రాలేదు.

సాయంత్రం ఇంట్లో మరదలు ఆ కాగితాలు తిరగేసింది.

"ఏంటి వదినా ఇది? చేతికి పని చెప్పి బుర్రని ఎక్కడికి పంపించావు?"

"రెండో వారంలో కార్డులు రాయాలి. అక్కడ పెన్ను ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా మొదటి వారమే మళ్లీ రాశా."

"ముప్పై ఆరు సార్లా?"

"ముప్పై అయిదు."

మరదలికి నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"కంప్యూటర్లోంచి వేరే బొమ్మలు తీసుకుంటాలే," అంది ఆవిడ.

"తీసుకో. అందులో మనుషులు నున్నగా, గుడ్లప్పగించి ఉంటారు. వాళ్లు తింటుంటే చూసేవాళ్లకి ఆకలి చచ్చిపోతుంది. నీ తమ్ముణ్ణి బయటికి లాగడానికి కొత్త బకెట్ కోశాం, గుర్తుందా?"

"ఈ అంకుల్ ఇప్పుడెక్కడున్నాడని పిల్లలు అడిగితే?"

"చనిపోయాడని చెప్పు."

"ఫ్రెంచిలోనా?"

"ఏ భాషలో నోరు తిరిగితే ఆ భాషలో చెప్పు."

మరదలు లోపల్నించి కార్డుల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఒక్కో కార్డు ఎప్పుడు తీశారో, తీసేటప్పుడు ఎవరు ఎవర్ని తిట్టారో చెబుతూ అందించింది. ఆవిడ చూసింది, వారం వేసింది, రాసింది. లోపల ఏమీ కదల్లేదు గానీ పెన్ను కదిలింది. ఇరవయ్యో కార్డో ఏమో, మరదలు చెప్పడం ఆపేసింది. మెడ దాకా దుప్పటి, తెరిచిన నోరు. నిద్రపోవడం.

"ఇది నటన కాదు వదినా," అంది. "నిజంగానే నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు."

ఆవిడ ఆ కార్డు తీసుకుని అన్నిటికన్నా అడుగున పెట్టింది.

శుక్రవారం హెడ్‌మేడమ్ ఒక్కో పేజీ తిప్పి, చివరి దాని దగ్గర ఆగింది.

"నిద్ర పాఠం ఏటా మూడో వారంలో కదా చెప్తారు? ముప్పై ఆరులో వేశారేంటి?"

"ఈ ఏడు కాస్త ఆలస్యంగా పడుకుంటాడు లెండి."

హెడ్‌మేడమ్ తల ఎత్తకుండానే సంతకం పెట్టి ముద్ర వేసింది.

బొంజూరమ్మ ప్లాను తీసుకుని బయటికొచ్చింది. ఏడుపొస్తుందేమోనని మెట్ల దగ్గర నిమిషం సేపు ఆగి చూసింది. రాలేదు. క్లాసు మొదలయ్యే వేళయింది, పైకి వెళ్లింది.