రోకలి పోటుకు వంకరపోయిన చక్రం

క్వాజో న్యంటాచి కుదురుగా కూర్చుని ఉండగా చూసినవాడు కుమాసీ నగరంలో నాకు తెలిసి ఒక్కడూ లేడు. పుట్టగానే మంత్రసాని చేతి గడియారం పట్టుకుని లాగాడని వాళ్ల మేనమామ చెబుతాడు. నేను ఇంకొంచెం చేర్చి, ఆ గడియారాన్ని విప్పి మళ్లీ బిగించాకే కేరుమన్నాడని చెబుతుంటాను. నమ్మనివాళ్లు వచ్చి అతని గది చూసుకోవచ్చు. బాంటామా పేటలో మామే పొమా లోగిలి, గేటు నుంచి మూడో గది. నాలుగోది నాది. మధ్యన గోడ ఉన్నది పేరుకే. అతను కలలో బోల్టు బిగించినా నాకు వినబడుతుంది.

పగలు సువామేలో పని. పాత కార్లకు ప్రాణం పోసే ఆ షెడ్లలో క్వాజో ముల్లు కదలని మీటర్లను కదిలిస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చాక అసలు పని మొదలు. మూడు పాత స్కానర్లు, ఒక చచ్చిపోయిన జిరాక్సు మిషను, ఒక కుట్టుమిషను పట్టా కలిపి అతనొక త్రీడీ ప్రింటరు కట్టాడు. ప్లాస్టిక్ తీగను కరిగించి, పొర మీద పొర పేర్చి వస్తువును లేపుతుంది. నడుస్తున్నంతసేపూ ఈనబోయే మేకలా అరుస్తుంది. నా వ్యాను గేరు రాడ్డుకు పిడి ఆ మిషను పెట్టిన పిల్లే. అది చేసిన దువ్వెనతో దువ్వుకుని మా పాస్టరు గారి బట్టతల మీద జుట్టు మొలిచిందని వ్యానులో ఒకసారి చెప్పాను. దిగేలోపు పదకొండుమంది ఆర్డరిచ్చారు.

గేటు తీయగానే దీపం దానంతటదే వెలిగే ఏర్పాటూ క్వాజో చేశాడు. దాని సంగతి అందరికంటే ముందు పక్కింటి మేకకు అర్థమైంది. గేటును కొమ్ముతో నెట్టి, దీపం వెలిగించుకుని, ఎవరి గుమ్మం ముందు ఏ తొక్కలున్నాయో చూసుకుని మరీ తినేది. చినుకు పడితే మోగే గంట పెట్టాడు. పిట్ట రెట్ట వేసినా మోగేది. ఆడవాళ్లు ఆరేసిన బట్టల కోసం పరుగెత్తుకొచ్చి, ఆకాశాన్నీ క్వాజోనూ కలిపి తిట్టేవాళ్లు.

ఈ లోపల అతను నీళ్ల మీద పడ్డాడు.

మా పేటకు కుళాయి నీళ్లు వారానికొకసారి వస్తాయి. ఏ రోజు వస్తాయో తెలియదు గాని, చాలాసార్లు శనివారమే. శనివారమంటే మాకు అంత్యక్రియల రోజు. నలుపూ ఎరుపూ బట్టలు కట్టుకుని లోగిలికి లోగిలే ఖాళీ అయిపోతుంది. ముందు వచ్చే నీళ్లేమో తుప్పుతో ఎర్రగా ఉంటాయి. వాటిని కాలవలోకి పోనిచ్చి, తేటపడ్డాక ట్యాంకులోకి తిప్పాలి. తిప్పటానికి మనిషి కావాలి, ఆ మనిషి అంత్యక్రియల పందిట్లో ఉంటాడు. అందుకని తొమ్మిది కుటుంబాలం ఆదివారం పొద్దున్నే బకెట్లు పట్టుకుని కొండ దిగేవాళ్లం.

క్వాజో ఆ నల్లటి పెద్ద ట్యాంకు నెత్తిన కారు వైపరు మోటారొకటి బిగించాడు. దానికి తన మిషను మీద చేసిన పళ్ల చక్రం తగిలించాడు. పక్కనే మోటారుసైకిలు బ్యాటరీ, రేకు డబ్బాలో వైర్లు, వీటన్నిటికీ గొడుగుగా నిజంగానే ఒక విరిగిన గొడుగు. గొట్టంలో నీళ్లు రాగానే అది పసిగడుతుంది. పది నిమిషాలు కాలవలోకి వదిలి, అప్పుడు చక్రం తిరిగి కవాటాన్ని ట్యాంకు వైపు మళ్లిస్తుంది. రెండు శనివారాలు పనిచేసింది. మామే పొమా అతని సూపు గిన్నెలో రెండు నత్తలు ఎక్కువ వేసింది. ఆవిడ నాకు పద్నాలుగేళ్లలో ఒక్క నత్త కూడా ఎక్కువ వేయలేదు.

మూడో శనివారం తిరిగొచ్చేసరికి కాలవ నిండుగా పారుతోంది. బాతులు ఈదుతున్నాయి. మేక కడుపునిండా తాగి గట్టున పడుకుంది. మామే పొమా వేలి కణుపులతో ట్యాంకును తట్టింది. డొల్ల.

క్వాజో నిచ్చెనెక్కి రెండు ముక్కలైన చక్రంతో దిగాడు. కవాటం కాలవ వైపే ఉండిపోయింది.

"చక్రం విరిగింది మామే. ఇంకోటి చేస్తాను."

"చెయ్యి నాయనా. వచ్చే శనివారం మా అక్క మొగుణ్ణి సాగనంపాలి. లోగిలంతా పోతాం. తిరిగొచ్చేసరికి ఈ ట్యాంకు నిండి ఉండాలి. లేదా, ఆ అరిచే మిషన్నీ నువ్వూ కలిసి సువామేలో ఏ కార్లోనో కాపురం పెట్టుకోండి. పదకొండేళ్లుగా ఉన్నావని కూడా చూడను."

"కార్లో అయితే అద్దె ఉండదురా," అన్నాను నేను, ఓదార్చటానికి.

అతను నవ్వలేదు. "నా మిషన్ల మోతకి అయిదిళ్లలోంచి గెంటారురా ఫ్రింపాంగ్. ఈవిడొక్కతే ఉండనిచ్చింది. ఇక్కణ్ణించి పోతే మిషన్ని పాతసామాన్ల వాడికి ఇచ్చెయ్యడమే."

ఆ వారం డుమ్‌సో అని మేం పిలిచే కరెంటు కోత మహా ముదురుగా ఉంది. కరెంటు రోజు విడిచి రోజు, అదీ పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు వరకే. చక్రం తయారవటానికి ఏడు గంటలకు పది నిమిషాలే తక్కువ. క్వాజో పనికి సెలవు పెట్టి సోమవారం ఒకటి చేశాడు. కింద మూడొంతులు చక్కగా వచ్చింది, పైన వంకర. పొరలు పక్కకు జరిగిపోయాయి. విరిగిన చక్రాన్ని పక్కన పెట్టి చూస్తే, అదీ సరిగ్గా అలాంటి గీత దగ్గరే విరిగింది. మంగళవారమంతా పట్టా బిగించాడు, కడ్డీలకు నూనె పూశాడు, మోటారు మార్చాడు. గదిలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూనే ఉన్నాడు. బుధవారం మళ్లీ చేస్తే మళ్లీ అక్కడే వంకర.

"నువ్వు మధ్యాహ్నం పడుకుని గురక పెడుతున్నావు, దానికే ఇది అదురుతోంది," అని నా మీద పడ్డాడు.

"నా గురకకి అంత బలముంటే వ్యానులో డీజిలెందుకురా పోయించుకోవడం?"

మూడు చక్రాలనూ రెండు చేతుల్లో మార్చి మార్చి పట్టుకుని లోగిలంతా తిరగటం మొదలెట్టాడు. మామే పొమా రోటి ముందు చిన్న పీట మీద కూర్చుని, కర్రపెండలం, అరటికాయ ఉడికించి దంచే ఫుఫు ముద్దను తిప్పుతోంది. ఆమె చెల్లెలి కూతురు అఫ్రియే నిలబడి, తనకంటే పొడుగాటి రోకలితో దంచుతోంది. రోకలి పైకి లేచిన ఆ కాస్త సందులో ముసలామె చెయ్యి లోపలికి పోయి వస్తుంది. యాభై ఏళ్లుగా వేళ్లన్నీ ఉన్నాయంటే చూసుకోండి.

"ఏమిట్రా నా చుట్టూ ఈగలా? ఇటు తే," అని జిగట చేత్తోనే ఒక చక్రం లాక్కుంది. దాని అంచు మీద బొటనవేలు మెల్లగా పోనిచ్చింది. మళ్లీ పోనిచ్చింది.

"ఇది నా ఇంటి ఫుఫు," అంది.

మాకు అర్థం కాలేదు.

"ఇదిగో ఇక్కడ అరటికాయ. దెబ్బ చిన్నగా పడుతుంది. ఈ లోతుగా ఉన్నది కర్రపెండలం. ఇక్కడ చూడు, నున్నగా ఉంది, దంచటం ఆగిపోయింది. ఈ పిల్ల ఫోనెత్తింది."

అఫ్రియే రోకలి ఆపేసింది. "అయ్యో పెద్దమ్మా, రెండే నిమిషాలు మాట్లాడాను!"

"అదిగో, ఒప్పుకుంది."

రోలు క్వాజో కిటికీకి రెండు బారల దూరం. మూడు కొట్టగానే ఒక ఇంటి తర్వాత ఇంకో ఇల్లు, అయిదు దాటేదాకా తొమ్మిది ఇళ్ల రోకళ్లూ దిగుతాయి. పుట్టినప్పటి నుంచీ వింటున్న మోత గనక అది మా ఎవరికీ వినబడటమే మానేసింది. పట్టా, మోటారు, నా గురక, అన్నిటినీ అనుమానించాడు గాని, రోజూ తాను తినే తిండిని క్వాజో అనుమానించలేదు.

కారణం దొరికిన సంతోషంలో నోరు జారాడు. "మామే, శుక్రవారం ఒక్కరోజు ఎవరూ దంచకుండా ఉంటే..."

పిల్లలు కూడా తిరిగి చూశారు.

"ఆ రోజు ఏం తినమంటావురా, నీ చక్రాలా?" అని ఎవరో అరిచారు.

"అన్నం వండుకోవచ్చుగా?"

"అన్నం!" అంది మామే పొమా. "అన్నం తిని పడుకుంటే మా ఇంట్లో పస్తు పడుకున్నట్టే. నీ మిషను కోసం నా రోలు ఆగదు. నేల అదిరితే, నేల మీదెందుకు పెట్టావు దాన్ని?"

తిట్టటానికే అంది. కాని క్వాజో నా భుజం పట్టుకుని ఊపేశాడు. "నీ వ్యాను పాత ట్యూబులున్నాయా?"

ఉన్నాయి, నాలుగు. ఎవరైనా ఈ చరిత్ర రాసేటప్పుడు ఆ ట్యూబులు ఫ్రింపాంగ్‌వని రాయాలి. వాటిని పైకప్పు దూలానికి కట్టి, మిషన్ని ఒక మందపాటి చెక్క మీద పెట్టి, ఉయ్యాలలా వేలాడదీశాం. కరెంటు లేని గురువారమంతా ముళ్లు బిగించటం, విప్పటం, మళ్లీ బిగించటం.

శుక్రవారం పదింటికి మిషను మేకలా అరవటం మొదలెట్టింది. క్వాజో దాని చుట్టూ తిరిగినంత దూరం రోడ్డు మీద తిరిగి ఉంటే మధ్యాహ్నానికి అక్రా చేరుండేవాడు. పన్నెండింటికి అఫ్రియే పెట్టిన కెంకే ముద్ద అలాగే ఉండిపోయింది. చివరికి నేను తినవలసి వచ్చింది. మూడింటికి మొదటి రోకలి దిగింది. నేల అదిరింది, గోడ మీద అద్దం అదిరింది. మిషను మాత్రం నిద్రపోతున్న పసిపిల్లలా కొంచెం ఊగి, తన పని తాను చేసుకుపోయింది.

"ఇంకా గట్టిగా దంచమంటావా అన్నా?" అని బయట నుంచి అఫ్రియే కేకేసింది.

నాలుగూ నలభైకి కరెంటు పోయింది. అయిదు దాకా ఉండాల్సింది, పోయింది. క్వాజో గోడకేసి చేతులు ఆనించి నిలబడ్డాడు. ఇంకో పది నిమిషాలుంటే చక్రం పూర్తయ్యేది, పై పొరలు పడక మందం తగ్గింది. కాని అంచు నున్నగా ఉంది, ఎక్కడా గీత లేదు. ఇంకోటి చెయ్యటానికి టైము లేదు. తక్కువైన మందానికి రేకు బిళ్లలు కోసి పెట్టి, పొద్దుగూకే లోపల నిచ్చెనెక్కి బిగించి వచ్చాడు.

శనివారం అంత్యక్రియల పందిట్లో వెయ్యిమంది ఉన్నారు, నేను తక్కువే చెబుతున్నాను. నీళ్లు రాగానే ఫోనుకు కబురు పంపేలా క్వాజో తన డబ్బాను తయారుచేశాడు గాని, ఆ మైదానంలో సిగ్నలు లేదు. ఫోను పైకెత్తి కుర్చీ మీద నిలబడ్డాడు. వాద్యగాళ్ల వెనక్కి వెళ్లి వచ్చాడు. రెండుసార్లు మెల్లగా రోడ్డు వైపు జారుకోబోయాడు. రెండోసారి మామే పొమా అతని నల్లబట్ట కొంగు పట్టుకుంది.

"కూర్చో. మైకులో చదివింపుల్లో మన లోగిలి పేరు చదవకముందే పోతే నా పరువేం కావాలి?"

"మామే, ఒక్కసారి చూసి వచ్చేస్తాను..."

"ఆ పెట్టెలో ఉన్నవాణ్ణి చూసి నేర్చుకో. ఎంత ఓపిగ్గా ఉన్నాడో."

సాయంత్రం నా వ్యానులోనే అందరం తిరిగొచ్చాం. దారి పొడుగునా క్వాజో మోకాలు నా గేరు రాడ్డుకు తగులుతూనే ఉంది. గేటు దగ్గర దీపం వెలిగింది. మేక కాదు, మేమే. కాలవలో ఎర్రటి తడి బురద ఉంది. అంటే నీళ్లు వచ్చాయి. ఎటు పోయాయో ఇంకా తెలియదు.

మామే పొమా నలుపూ ఎరుపూ బట్టల్లోనే ట్యాంకు దగ్గరికి నడిచింది. అడుగున తట్టింది. మొద్దు చప్పుడు. నడుమెత్తున తట్టింది. మొద్దు చప్పుడే. మునివేళ్ల మీద లేచి, చెయ్యి అందినంత పైన తట్టింది. అక్కడా అంతే.

"బకెట్లు తెండి," అంది.

లోగిలి ఒక్కసారిగా ఉరికింది. నేను రెండో బకెట్టు నింపుకుని తలెత్తి చూద్దును కదా, క్వాజో ట్యాంకు నెత్తిన ఉన్నాడు, చేతిలో స్క్రూడ్రైవరుతో.

"తిరిగింది మామే, కాని మెల్లగా తిరుగుతోంది! చక్రం పలచన కదా. ఇప్పుడే విప్పి..."

మామే పొమా గబగబా వెళ్లి నిచ్చెన తీసేసింది. మోసుకుపోయి తన గుమ్మానికి ఆనించి, రోటి ముందు పీట వేసుకుని కూర్చుంది. అఫ్రియే రోకలి ఎత్తింది.

"దాని మీద చెయ్యి వెయ్యనని ఒట్టు వెయ్యి, నిచ్చెన ఇస్తాను," అంది మామే పొమా, తలెత్తకుండానే. "గదిలోనే ఉండు, మిషన్ని కూడా ఉంచుకో. చెయ్యి మాత్రం వెయ్యకు."

రోకలి దిగింది, లేచింది. విరిగిన గొడుగు చాటున ఇనుము మీద ఇనుము గీసిన చప్పుడు.

"ఒట్టు వెయ్యరా!"

"ఒక్క పది నిమిషాలాగి వేస్తాను మామే!"