నలభై మందికి ఒకటే ఐడీ

మొన్న మధ్యాహ్నం పక్కింటి పిల్ల మా వరండాలో కూర్చుని ఫోన్లో పాఠం వింటోంది. అవతలి నుంచి పంతులుగారు డౌట్లున్నాయా అని మూడుసార్లు అడిగినా క్లాసులో ఒక్కరూ కిక్కురుమనలేదు. మా పిల్ల మాత్రం చల్లగా బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కేసి నా చేతిలోని మురుకు అందుకుంది. అర్థమైందా అంటే లేదని తలూపింది. మరి ఆ వేలెందుకే అంటే, అందరూ నొక్కారట, అందుకని! నాకు నవ్వాగలేదు. రిటైరై వనపర్తిలో కూర్చున్న ఈ కెమిస్ట్రీ మేడం, ఒకప్పుడు నాగర్‌కర్నూల్లో పిల్లల చేత నోరు విప్పించడానికి పడ్డ తిప్పలు మీకు చెప్పుకోకపోతే ఈ పూట నాకు అన్నం సహించదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. కంప్యూటరంటే అందరికీ భక్తి, భయం సమానంగా ఉన్న రోజులు. మా డిగ్రీ కాలేజీకి పిల్లలు కలిసి కూర్చుని చదువుకునేందుకు ఒక గది, అందులోకి నాలుగు కంప్యూటర్లు మంజూరయ్యాయి. గది ఎలా ఉండాలో ఎవరు చూసుకుంటారని ప్రిన్సిపాల్ గారు అడిగినప్పుడు స్టాఫ్ రూమంతా కిటికీల వైపు చూసింది, నేనొక్కదాన్నీ ఆయన వైపు చూసి దొరికిపోయాను. అయితే ఒకసారి నెత్తిన వేసుకున్నాక ఊరుకునే రకాన్ని కాను. గద్వాల నుంచి మా అక్కయ్య చేత కర్టెన్ల గుడ్డ తెప్పించాను, బల్లలు గుండ్రంగా వేయించాను, చెప్పులు బయట విడవాలనీ, రిజిస్టర్లో పేరూ టైమూ రాసి సంతకం పెట్టాలనీ, గట్టిగా మాట్లాడరాదనీ స్వయంగా అట్ట మీద రాసి తలుపుకు తగిలించాను. మా ఆయన వచ్చి చూసి, మనింట్లో దేవుడి గది కూడా ఇంత శుభ్రంగా లేదు కదే అన్నారు. అది పొగడ్తే అనుకుని వారం రోజులు మురిశాను.

పిల్లలు రాలేదు. వచ్చిన నలుగురూ పెళ్లిచూపుల్లో కూర్చున్నట్లు కూర్చుని లేచిపోయేవారు. బయట మెట్ల మీద, విడిచిన చెప్పుల మధ్యనే, సాయంత్రం బస్సు వచ్చేదాకా ఒకటే ముచ్చట్లు, నోట్సులు మార్చుకోవడాలు, ఒకరినొకరు వెక్కిరించుకోవడాలు. అంత మంచి గది పెట్టుకుని గుమ్మంలో పడుంటారేమర్రా అని రోజూ తరిమేదాన్ని. మెట్లు ఖాళీ అయ్యేవి కానీ గది నిండేది కాదు.

పోనీ కంప్యూటర్లోనైనా మాట్లాడతారేమోనని ఇంటర్నెట్లో మా క్లాసుకొక గ్రూపు పెట్టాను. అందులో చేరాలంటే తలా ఒక మెయిల్ ఐడీ ఉండాలి కదా, నలభై పేర్లు రాసి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే భాయ్‌కి పంపాను. సాయంత్రానికి ఆయన ఒకే ఒక్క ఐడీ, ఒకే ఒక్క పాస్‌వర్డు అట్టముక్క మీద రాసి పంపాడు. అగ్గి మీద గుగ్గిలమై వెళ్లాను. భాయ్ తాపీగా టీ తాగుతూ, "ఇంటిల్లిపాదికి ఒక్కటే రేషన్ కార్డు గదా మేడం. క్లాసంత ఒక్క ఇల్లే ఆయె, మళ్ల నలభై ఏంటికి, ఉత్త పరేషాన్!" అన్నాడు. ఆయనతో వాదించి నెగ్గి, సరిచేయించుకుని వద్దామనుకునేలోపే ఆ అట్టముక్క దాన్ని మోసుకొచ్చిన పిల్లల చేతుల మీదుగా క్లాసంతా తిరిగొచ్చేసింది.

మర్నాడు గ్రూపు తెరిచి చూద్దును కదా, ఒక ప్రశ్న! ఇంగ్లిషు అక్షరాల్లో అచ్చమైన మా పాలమూరు తెలుగు. "మేడం, మోల్ అంటే ఏంది? మూడు నెలల సంది తెల్వకనే తలూపుతున్న." దాని కింద అదే ఐడీ నుంచి జవాబు. "డజన్ అంటే పన్నెండు గదా, ఇది గూడ గట్లనే, లెక్కే జర పెద్దది." ఆ కింద మళ్లీ అదే ఐడీ. "నాకు గూడ ఇప్పుడే సమజైంది." కొత్తవాళ్లు చూస్తే ఎవరో మతిలేనివాడు తనలో తాను మాట్లాడుకుంటున్నాడనుకుంటారు. నాకు మాత్రం కడుపు నిండిపోయింది. ఎవరడిగారో తెలియదు గనకే ఎవరైనా అడగగలుగుతున్నారన్నమాట! ఇన్నేళ్లూ క్లాసులో ఊగే తలకాయలు చూసి మురిసిపోయానే అని సిగ్గు కూడా వేసింది.

అలా ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కొక్కరే గదిలోకొచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి, గ్రూపులో రాసిపోతూ సరదాగా సాగుతుండగా, పరీక్షలు నెలరోజులున్నాయనగా ఒక మాట కనబడింది. "మావోళ్లు పుణె పోతున్నరు పనికి. పాసైతనని నమ్మకం లేదు. నేను గూడ పోత."  పనికని లారీ ఎక్కి వెళ్లిన పిల్లలెవరూ మళ్లీ కాలేజీకి రాగా నేను చూడలేదు. ప్రిన్సిపాల్ గారికి చెబితే, రిజిస్టర్ చూడండమ్మా, ఆ టైముకు కంప్యూటర్ ముందు ఎవరున్నారో దొరికిపోతారు, పిలిపించి నచ్చజెబుదాం అన్నారు. ఆయనది మంచి ఉద్దేశమే. నేను రిజిస్టర్ చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఒక్క పేరు బయటపడిందంటే రేపటి నుంచి గ్రూపులో ఇంకెవరూ నోరు విప్పరు, ఆ రాసినవాళ్లు సిగ్గుకైనా లారీ ఎక్కేస్తారు అనిపించింది. రిజిస్టరును బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. ప్రిన్సిపాల్ గారు నాతో వారం మాట్లాడలేదు.

ఎవరో తెలియనప్పుడు అందరికీ చెప్పడమే దారి. తలుపు మీది అట్ట పీకేశాను. నల్లబల్లను మెట్ల దగ్గరికి మోయించి, బస్సు వచ్చేలోపు రోజూ గంటన్నర, మొదటి పాఠం నుంచి మళ్లీ ఎత్తుకున్నాను. చెప్పులు కాళ్లకే ఉన్నాయి, పల్లీలు నోట్లోనే ఉన్నాయి, ఎంత గట్టిగా మాట్లాడితే అంత మంచిదన్నాను. మొదట ఎనిమిది మంది కూర్చున్నారు, వారం తిరిగేసరికి మెట్లు చాలక కర్టెన్ల గదిలోని బల్లలు బయటికొచ్చాయి. చెబుతూ చెబుతూ ప్రతి ముఖంలోకీ చూసేదాన్ని, ఇదా, వీడా అని. ఏ ముఖమూ బయటపడలేదు. గ్రూపులో "పోకు, తెల్వనిది నేను చెప్త" అని ఎవరో రాస్తే ప్రాణం లేచి వచ్చేది. పది రోజులకు "ఐతారం లారీ ఎక్కుతున్నం" అని కనబడితే, ఆదివారానికి వెళ్లిపోతారన్నమాట అని ఉసూరుమన్నాను. దాని కిందే ఇంకెవరో, "లారీ మళ్ల వస్తది, పరీక్ష మళ్ల రాదు" అని రాశారు. సోమవారం ఒక్కో పేరు దగ్గరా ఆగి, తలెత్తి చూస్తూ హాజరు పిలిచాను. నలభై మందీ పలికారు! పరీక్ష హాల్లోనూ నలభై మందీ కూర్చున్నారు.

ఫలితాలు వచ్చిన రోజు, అమ్రాబాద్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లాడు స్టాఫ్ రూము బయట నిలబడి, లారీ మాట రాసింది తనేనని చెప్పాడు. సంతోషం పట్టలేక వాడి వీపు మీద ఒక్కటేశాను. గంట తర్వాత బల్మూర్ పిల్ల, మొదటి బెంచీలో కూర్చుని అందరికన్నా ఎక్కువగా తలూపిన పిల్ల, వచ్చి పుణె మాట రాసింది తనేనంది. నేను తెల్లబోయాను. నేను ఒక్కరనుకున్నవాళ్లు ఇద్దరు! తీరా ఆరా తీస్తే, ఆ పిల్లకు పోకు, నేను చెప్త అన్నది ఈ పిల్లాడు, వీడికి పరీక్ష మళ్లీ రాదని బుద్ధి చెప్పింది ఆ పిల్ల. ఎవరికి చెబుతున్నారో ఇద్దరికీ తెలియదు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి సంగతి చెబితే ఆ పిల్ల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, పిల్లాడు తల గోక్కుంటూ, "చెప్త అని రాస్తి గద మేడం, చెప్పాలంటె నాకు రావాలె గదా అని కూసొని చదివిన" అన్నాడు.

ఆ రోజు రిజిస్టర్ తెరిచి ఉంటే బల్మూర్ పిల్ల పేరు దొరికేది, ఆమెను ఆపి ఘనకార్యం చేశాననుకునేదాన్ని. ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయని గ్రూపులో అమ్రాబాద్ పిల్లాడి మాట పడేదే కాదు, వాడు లారీ ఎక్కేసినా ఎందుకు వెళ్లాడో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఇప్పుడు ప్రతి పిల్లకూ సొంత ఫోను, సొంత ఐడీ, ఎవరు ఎన్నింటికి ఏం రాశారో దానంతటదే నమోదవుతుందట. గదులు కూడా నేను కలలోనైనా చూడనంత బాగున్నాయి. సంతోషమే, కాదనను. కానీ ఆ ఇద్దరిలాంటి పిల్లలు ఈ పూట కూడా ఏదో ఒక క్లాసులో కూర్చునే ఉంటారు. నాకు తెల్వదు అని పేరు లేకుండా చెప్పుకునే చోటు వాళ్లకెక్కడుందా అని తలుచుకుంటే మాత్రం మనసు ఒకచోట నిలవదు.