చారుమతి వెనక్కి తిరగలేదు

పదకొండు పట్టు జాకెట్లను ఒక్క వారంలో పాడు చేశాను నేను. ఎలుక కొరికి కాదు, ఇస్త్రీ పెట్టె కాలి కాదు. కళ్ళజోడు శుభ్రంగా తుడుచుకుని, స్కేలు పెట్టి కొలిచి, ఎంతో శ్రద్ధగా పాడు చేశాను. విజయవాడ వన్ టౌన్‌లో ఈ సంగతి తెలియని ఆడమనిషి లేదు కాబట్టి దాచి లాభం లేదు. వాళ్ళు చెప్పుకునే పద్ధతిలో తప్పంతా నాదే. నేను చెప్పే పద్ధతిలో మూడొంతులు నాది. ఆ మిగతా వంతు ఎవరిదో చదివి మీరే తేల్చండి.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఒక మ్యాచింగ్ సెంటర్ మేడ మీద నా కుట్టు కొట్టు ఉండేది. రెండు మిషన్లు, గోడకి ఒక టీవీ, హుక్కులూ కాజాలూ కుట్టడానికి సుబ్బులు పిన్ని. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఒక సీరియల్ వేసేవారు. ఇంట్లో టీవీ ఉన్నవాళ్ళు కూడా ఫాల్ కుట్టించుకునే వంకతో ఆ వేళకి మేడెక్కి వచ్చేవారు. ఇంట్లో చూస్తే మాట్లాడనివ్వరు. మా కొట్లో చూస్తే, మాట్లాడకుండా ఉంటే ఊరుకోం.

ఆ సీరియల్లో నాయిక చారుమతి. నడుం దాటిన జడ, నేత చీర, మోచేతుల దాకా చేతులున్న జాకెట్టు. వందల భాగాలుగా అదే అవతారం. ఆమె అత్త భ్రమరాంబ, మనిషి గాదె అంత ఉండేది, కోడల్ని వానలో బయటికి గెంటింది. తర్వాత పదిహేను రోజులు చారుమతి కనబడలేదు. మా కొట్లో ఫాల్ కుట్టుడు బేరాలు కూడా పడిపోయాయి.

ఒక సోమవారం ఆమె గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఉరిమింది, మెరిసింది, ఇంట్లో ఉన్న ఎనిమిదిమంది ముఖాలూ మూడేసిసార్లు చూపించారు. అప్పుడు చూశాం. జడ లేదు! జుట్టంతా విప్పి కుడిభుజం మీదుగా ముందుకు వేసుకుంది. ఒంటిమీద కుంకుమరంగు పట్టు జాకెట్టు. ఎడమ చంక కింద నుంచి నడుం వైపు ఏటవాలుగా మూడు మడతలు, విసనకర్ర విప్పినట్టు. నా చేతిలోని కత్తెర కింద పడింది.

"అయిపోయింది. ఈ పిల్ల కూడా చెడిపోయింది," అంది విమల టీచరు. సీరియళ్ళలో జుట్టు విరబోసుకున్న ఆడది మంచిదైన దాఖలా లేదని ఆవిడ లెక్క.

"చెడిపోతే రెండు భుజాల మీదా పడేది టీచర్‌గారూ. ఒక పక్కనే వేసింది. సగమే మారింది," అంది రాజ్యలక్ష్మి గారు.

"సగం మారడం ఏమిటండీ! పాలు సగం విరుగుతాయా?"

"మరి ఆ మడతలు మూడూ ఏమిటంటారు?"

"పగకి గుర్తు. ఒకటి అత్త మీద, ఒకటి మామ మీద, ఒకటి ఆడపడుచు మీద," అంది విమల టీచరు.

ఆరుగురం నోళ్ళు తెరుచుకుని మడతలు లెక్కపెట్టాం. సరిగ్గా మూడే!

మూల నుంచి సుబ్బులు పిన్ని గొంతు వినిపించింది. "జాకెట్టు వదులయ్యిందేమోనమ్మా. తిండీ తిప్పలూ లేక చిక్కిపోయి ఉంటది."

"నువ్వు కాజాలు కుట్టుకో పిన్నీ," అన్నాను. అక్కడితో ఊరుకుంటే నేను ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. ఊరుకోలేదు. "అది వదులు కాదు. నెమలి డాట్లు అంటారు. పాతకాలం కత్తిరింపు. చాలామంది టైలర్లకి రాదు," అన్నాను.

జాకెట్టు ఒంటికి పట్టడానికి కుట్టే మడతల్ని డాట్లంటారు గానీ, ప్రపంచంలో నెమలి డాట్లు అనేవి లేవు. ఆ పేరు నా నోట్లో అప్పుడే పుట్టింది.

రాజ్యలక్ష్మి గారు నా వైపు తిరిగింది. "నీకు వచ్చా పద్మా?"

ఈ ప్రశ్న వెనక ఒక చరిత్ర ఉంది. ఈవిడ భర్తది బట్టల హోల్‌సేల్ వ్యాపారం. అప్పటికి పన్నెండేళ్ళ ముందు వాళ్ళమ్మాయి శ్రావణి ఓణీల ఫంక్షన్‌కి నన్ను కాదని బెంజి సర్కిల్ వైపు ఏదో బొటిక్‌లో కుట్టించింది. అడిగితే, "నీ కుట్టు గట్టిదే పద్మా, ఫ్యాషనే నీకు పట్టుబడదు," అంది. ఆ బొటిక్ కుట్టిన ఏడింటిలో రెండిటికి చంకలు పట్టేస్తే విప్పి సరిచెయ్యడానికి మళ్ళీ నా దగ్గరికే తెచ్చింది. నేను సరిచేశాను. మరిచిపోలేదు. నాకు అన్నం తిన్నానో లేదో గుర్తుండదు గానీ, నన్ను ఎవరేమన్నారో తిథి వారాలతో సహా చెబుతాను.

"నాకు రాకపోవడం ఏమిటండీ? కళ్ళు మూసుకుని కుడతాను," అన్నాను.

"అయితే శ్రావణి రిసెప్షన్‌కి కుట్టు. పెళ్ళికూతురికి ఒకటి, పక్కన నిలబడే పిల్లలకి పది. మగపెళ్ళివాళ్ళది పామర్రు. రిసెప్షన్ అక్కడే. వాళ్ళ ఊరంతా మొదటిసారి మా వాళ్ళందరినీ చూసేది అప్పుడే. పరువు తియ్యకు."

పన్నెండేళ్ళ మాట వాపసు తీసుకునే అవకాశం ఆవిడకి నేనే ఇస్తున్నాననుకుని పొంగిపోయాను.

మర్నాడు శ్రావణి వచ్చి గుడ్డ ఇచ్చింది. మంచి కుంకుమరంగు పట్టు. "ముందు సరే అక్కా, వెనక ఎలా ఉంటుంది?" అని అడిగింది.

ఏ టైలరైనా ఆది జాకెట్టు చూసి కుడుతుంది. నా ఆది జాకెట్టు టీవీలో ఉంది. అది వెనక్కి తిరగాలి.

తిరగలేదండీ! మంగళవారం గుమ్మంలోనే నిలబడింది. బుధవారం కుడికాలు ఎత్తింది. గురువారం ఆ కాలు గాలిలోనే ఉంది, ఈలోగా భ్రమరాంబకి పాత సంగతులు గుర్తుకొచ్చాయి. శుక్రవారం లోపలికి వచ్చి గోడకి ఆనుకుంది. శనివారం మెట్లెక్కుతుంది, ఇక వీపు చూపించక తప్పదు కదా అని ఎనిమిదిమందిమి మెడలు చాచి కూర్చుంటే, కెమెరా పైమెట్టు మీద ఉండి మళ్ళీ ముఖమే చూపించింది!

"ఆ పిల్లకి అసలు వీపుందంటావా?" అంది విమల టీచరు.

"దెబ్బల మచ్చలు ఉండుంటాయి. అత్త వాతలు పెట్టిందిగా. అందుకే చూపించట్లేదు," అంది రాజ్యలక్ష్మి గారు, కళ్ళు తుడుచుకుంటూ.

నాకు వాతల బెంగ లేదు. హుక్కులా, బొత్తాలా, తాళ్ళా, అదీ నా బెంగ. కుడిపక్క సంగతీ అంతే, పైట కింద ఏముందో ఆ దేవుడికే తెలియాలి. రిసెప్షన్ ఇంకా పది రోజులే ఉంది. ఒకరోజు పొద్దున్నే అద్దంలో చూసుకుని, ఇన్నేళ్ళ అనుభవం ఉన్నదానివి, నీకు తెలియదా అని నన్ను నేనే గద్దించుకుని, కుడిపక్క సాదాగా, వెనక గుండ్రటి మెడకి నాలుగు బొత్తాలు ఖాయం చేసేశాను.

ఇక మడతలు. టీవీ తెరని ఫోన్‌తో ఫొటో తీసి, చారుమతి గడ్డాన్ని లెక్కగా పెట్టుకుని ఒక్కో మడత పొడవు కట్టాను. మొదటిది నాలుగుంపావు అంగుళాలు, రెండోది మూడున్నర, మూడోది వంకర. ఆ వంకర కూడా వదల్లేదు. పదకొండు జాకెట్లకీ అదే వంకర వచ్చేలా అట్ట కత్తిరించుకున్నాను. మడతలు కదలకుండా లోపల లైనింగ్‌కి కలిపి కుట్టి, అడుగున మిగిలిన గుడ్డ కత్తిరించి పారేశాను. విప్పదీయడానికి దారి లేకుండా మూసేశానన్నమాట. ముడతలకి కొలతలు తీసిన టైలరు భూమ్మీద నేనొక్కదాన్నే.

సుబ్బులు పిన్ని ఒకదాన్ని వెలుగులోకి ఎత్తిపట్టుకుని చాలాసేపు చూసింది. "బాగుందమ్మా," అంది. కాస్త ఆగి, "వేసుకుని బస్సులో నిద్రపోయి లేచినట్టుంది," అంది.

"నీకు ఫ్యాషన్ పట్టుబడదు పిన్నీ," అన్నాను. అవును, ఆ మాటే అన్నాను.

రిసెప్షన్ ఇంకా రెండు రోజులుందనగా రాజ్యలక్ష్మి గారు ఆయాసపడుతూ మేడెక్కి వచ్చింది. బెంజి సర్కిల్ దగ్గర కొత్త చీరల షోరూం ఓపెనింగ్‌కి చారుమతి వస్తోంది, అదీ సీరియల్లో ఉన్న వేషంతోనే! ఓనరు రాజ్యలక్ష్మి గారికి మరిది వరస.

"ఒక జాకెట్టు పట్టుకురా పద్మా. పక్కపక్కన పెట్టి ఫొటో తీయించి వియ్యపురాలికి పంపుతాను. సీరియల్ వాళ్ళ టైలరే మాకూ కుడుతోందని చెప్పేశాను మరి."

"అలా ఎందుకు చెప్పారండీ!"

"ఒక్క మాట ఎక్కువ చెబితే ఏమవుతుందిలే. పద, పద."

రిబ్బన్ కత్తిరించాక చారుమతిని మేడమీద ఏసీ గదిలో కూర్చోబెట్టారు. లోపలికి వెళ్ళేసరికి సోఫాలో కొబ్బరినీళ్ళు తాగుతోంది. అదే జుట్టు, అదే జాకెట్టు, అవే మూడు మడతలు. నా మూడో మడత వంకర కూడా అచ్చు గుద్దినట్టుంది! రాజ్యలక్ష్మి గారు నన్ను మోచేత్తో పొడిచి, "భేష్," అంది. పన్నెండేళ్ళకి వచ్చిన ఆ భేష్‌ని నేను అనుభవించింది ఎంతసేపనుకున్నారు? చారుమతి లేచి, బల్లమీది ఫోను కోసం అటు తిరిగేదాకా.

తిరిగింది.

వీపు మీద మెడ నుంచి నడుం దాకా వరసగా ఐదు నల్ల క్లిప్పులు! ఆఫీసుల్లో కాగితాల కట్టలకి పెడతారే, అవి. వెనక గుడ్డంతా గుప్పెడు పోగుచేసి వాటితో బిగించేశారు. రాజ్యలక్ష్మి గారు సోఫా చెయ్యి పట్టుకుంది. నేను రాజ్యలక్ష్మి గారి చెయ్యి పట్టుకున్నాను.

"అయ్యో, చూసేశారా ఆంటీ!" అని నవ్వేసింది ఆ పిల్ల. "ఇది నాది కాదండీ. నా బట్టల పెట్టె వానలో తడిసి రంగులన్నీ కలిసిపోయాయి. ఆరోజుకి భ్రమరాంబ గారి జాకెట్టు ఇచ్చారు. ఆవిడ కొలతలో నాలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు కదా, ఇలా క్లిప్పులు పెట్టి లాగారు."

భ్రమరాంబది! మేం ఇన్నాళ్ళూ శాపనార్థాలు పెట్టిన ఆ అత్తది!

"మరి... జుట్టు?" అంది రాజ్యలక్ష్మి గారు.

"జడ వేస్తే క్లిప్పుల్లో చిక్కుకుంటోందండీ. విడదీసేసరికి ప్రాణం పోతోంది. అందుకని విప్పేసి ముందుకి వేశాం. తర్వాత మారుద్దామంటే, ఒకసారి టీవీలో వచ్చేశాక కుదరదన్నారు."

పగ లేదు. సగం మారడం లేదు. వాతలు లేవు.

"ఈ మూడు మడతలూ?" అన్నాను నేను.

"ఏ మడతలండీ?" ఆ పిల్ల చెయ్యెత్తి తన ఎడమపక్క చూసుకుంది. "అయ్యయ్యో, ఇవి టీవీలో కనబడుతున్నాయా?"

తర్వాత నా చేతిలో ఉన్న జాకెట్టు చూసి, "మీదా ఆంటీ? పట్టు భలే ఉంది. ఇదిగో ఇక్కడ గుంజేసింది, టైలరుకిచ్చి సరి చేయించుకోండి," అంది.

ఇద్దరం ఆటో ఎక్కాం. కాళేశ్వరరావు మార్కెట్ దాటాక రాజ్యలక్ష్మి గారు అంది: "విప్పగలవా?"

"గుడ్డ కత్తిరించేశానండీ."

"కొత్తవి?"

"రెండు రోజుల్లో పదకొండా!"

ఆవిడ నా చేతిలోని జాకెట్టు లాక్కుని మడతపెట్టింది. "అయితే అవి నెమలి డాట్లే. నువ్వూ నేనూ ఈ క్లిప్పులు చూడలేదు. విన్నావా?"

పామర్రులో రిసెప్షన్ బ్రహ్మాండంగా మొదలైంది. వేదిక మీద పెళ్ళికూతురు, అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. పదకొండుమందికీ జుట్టు కుడిభుజం మీద, ఎడమ పక్కన మూడు మడతలు. సీరియల్ చూసే ఆడపిల్లలు వచ్చి సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఎవరో "చారుమతి జాకెట్లే!" అని కేక కూడా వేశారు. నేను ఐస్‌క్రీం దగ్గర నిలబడి, గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు వేదికెక్కింది పెళ్ళికొడుకు తల్లి. మగ్గాలున్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. మాకు ఎవరూ చెప్పని విషయం ఏమిటంటే, ఆవిడ సీరియళ్ళు చూడదు. ఇలాంటివాళ్ళు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు! కోడలి పక్కన నిలబడి, ప్రేమగా అరచేత్తో ఆ పిల్ల ఎడమపక్క సవరించింది. మడతలు పోలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దింది. పక్కపిల్ల దగ్గరికి వెళ్ళి రుద్దింది. అలా వరసగా పదకొండుమందినీ రుద్దుకుంటూ చివరిదాకా వెళ్ళి, కిందికి దిగి, నాకు రెండడుగుల దూరంలో ఉన్న రాజ్యలక్ష్మి గారి చెవిలో చెప్పింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. కార్లలో వచ్చేసరికి నలిగినట్టున్నాయి. వంటగది వెనక ఇస్త్రీ పెట్టె ఉంది. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ పంపండి. ఎవరూ చూడకుండా నేనే చేసి పెడతాను."

రాజ్యలక్ష్మి గారు నా వైపు చూసింది. నెమలి డాట్ల పేరు ఎత్తుతుందేమోనని ఆశగా చూశాను నేను.

"ఇస్త్రీకి పోవు వదినగారూ. అవి కుట్టినవి," అంది ఆవిడ, పరువు ఎవరిది పోయినా తనది మాత్రం పోకూడదని నిశ్చయించుకుని. "అదిగో, ఐస్‌క్రీం దగ్గర నిలబడింది చూడండి. ఆవిడే కుట్టింది."

పెళ్ళికొడుకు తల్లి నా దగ్గరికి వచ్చింది. మంచి మనిషి. నా చేతిలోని ఐస్‌క్రీం కప్పు తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ పట్టుకుంది. ఎవరికీ వినబడకుండా, కన్నతల్లిలా అడిగింది:

"చూపు ఎప్పటినుంచి తగ్గిందమ్మా?"

ఆ హాల్లోనే, కరిగిపోతున్న ఐస్‌క్రీం సాక్షిగా ఒట్టు వేసుకున్నాను. ఇక మీదట ఎంత గొప్ప నాయిక తొడిగిన ఎంత గొప్ప జాకెట్టైనా సరే, ఆ మనిషి నా ఎదురుగా వచ్చి నిలబడి, నిదానంగా, నేను చాలనేదాకా చుట్టూ తిరిగితే తప్ప, నా కత్తెర గుడ్డని ముట్టదు. ఎనిమిదేళ్ళుగా ఆ ఒట్టు మీదే ఉన్నాను. మా కొట్టుకి ఆది జాకెట్టు తొడుక్కుని వచ్చినవాళ్ళు కొత్తలో కాస్త సిగ్గుపడేవారు. ఇప్పుడు అలవాటుపడి, మేడెక్కగానే వాళ్ళంతట వాళ్ళే గిర్రున తిరుగుతున్నారు. రాజ్యలక్ష్మి గారిని మాత్రం రెండుసార్లు తిప్పుతాను.