సఫారీ బండి నేనే ఎక్కుతాను

నాకు బొత్తిగా పడని మాట ఒకటుంది. అది "ఎత్తుకుంటం". హైవే మీద మా కారు బోల్తా పడి, నడుము కింద నా ఒళ్లు నా మాట వినడం మానేసి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో సూర్యాపేటలో ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా, ఏ బ్యాంకుకు వెళ్లినా, మెట్ల ముందు నా చక్రాల కుర్చీ ఆగగానే ఎవరో ఒకరు ముందుకొస్తారు. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి మేడం, నలుగురం ఎత్తుకుంటం." వాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ చీర కుచ్చిళ్లు జారుతుంటే, ముక్కూమొహం తెలియని చేతులు చంకల కింద దూరుతుంటే, పెళ్లికొచ్చిన జనమంతా పెళ్లికూతుర్ని వదిలేసి నన్ను చూస్తుంటే, ఆ మంచితనం నాకు ఒళ్లు మంటగా ఉంటుంది.

నేను గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఆఫ్రికా గడ్డిమైదానాల పాఠం ఇరవై ఏళ్లకు పైగా చెప్పాను. ఏనుగుల మందలు, జీబ్రాలు, నదులు దాటే జంతువులు అన్నీ నోటికొచ్చు. కళ్లతో చూసినవి మాత్రం గేదెలూ కుక్కలే. మూడేళ్ల కింద మిర్యాలగూడలో ఉండే మా అన్న కుటుంబంతో కలిసి ఒక అడవికి వెళ్లాను. అక్కడి జీపు మెట్టు నా ఛాతీ ఎత్తున ఉంది. ఎత్తుతామన్నారు, వద్దన్నాను. అయితే గేటు దగ్గరే ఉండమన్నారు. రెండు గంటలు టికెట్ల కిటికీ ముందు కూర్చున్నాను. మావాళ్లు తిరిగొచ్చి జింక ఎట్లా చెవులు ఆడించిందో, ఎలుగుబంటి ఎట్లా వీపు చూపించి పోయిందో పూసగుచ్చినట్టు చెప్పారు. ఇంటికొచ్చే దారిలోనే చెప్పేశాను.

"అన్నా, నేను ఆఫ్రికా పోత. ఎవ్వరూ ఎత్తకుండ బండెక్కి ఏనుగుల్ని చూస్త."

"తిరుపతికి రమ్మంటె రావు గని ఆఫ్రికా పోతవా?" అన్నాడు అన్న. "సింహాలు తింటయే నిన్ను."

"నన్ను తింటె వాటికే అరగది."

అన్నకు రైసుమిల్లు తప్ప మరో లోకం తెలియదు. బాసుమతి వాసన కూడా గిట్టని మనిషి, మా ఊరి సన్నాలే ఆయనకు గొప్ప. అయినా నవ్వడం ఆపి, "ఒక్కదానివే పోతవా మరి, నేను రానా?" అన్నాడు. ఆ మాటతో ప్రయాణం సగం ఖాయమైపోయింది.

మిగిలిన సగానికి రెండేళ్లు పట్టింది. ఫోన్లో ప్రతి కంపెనీవాడూ వీల్‌చెయిర్‌కు అంతా సౌకర్యమే అంటాడు. ఫొటో పంపమంటే పంపుతాడు. అందులో నిక్షేపంలా మూడు మెట్లుంటాయి. "మూడే కదా మేడం" అని అక్కడి నుంచి జవాబు. బాత్రూం తలుపు ఎంత వెడల్పని అడిగితే "చాలా పెద్దది" అంటాడు. టేపు పెట్టి కొలిచి అంకె చెప్పమంటే మళ్లీ ఫోనెత్తడు. ఇట్లా ఎంతమందితో పోట్లాడానో లెక్కలేదు. మా స్టాఫ్‌రూంలో నా ఫోన్ మోగితే మిగతా టీచర్లు చెవులు మూసుకునేవాళ్లు.

చివరికి కెన్యాలో ఒకావిడ దొరికింది. వికలాంగులను గడ్డిమైదానాలకు తీసుకెళ్లడమే ఆవిడ పని. వీడియోకాల్‌లో నవ్వు కూడా లేకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది. కుర్చీ వెడల్పు ఎంత, చక్రాల మీద చేతులు పెట్టినప్పుడు ఎంత? మంచం మీదికి ఏ పక్క నుంచి మారతావు? గతుకుల్లో ఆనుకోకుండా ఎంతసేపు కూర్చోగలవు? మా ఇంటి మనుషులు కూడా ఇన్నేళ్లలో ఇవి అడగలేదు. ఆవిడను ఎప్పటినుంచో తెలిసిన మనిషిలా అనిపించి కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ దగ్గర చిన్న లిఫ్టున్న బండి ఒకటుంది. దాంట్లో కుర్చీతో సహా తొంభై కిలోల వరకే ఎక్కించవచ్చు. సరిగ్గా తూచి బరువు చెప్పమంది.

తూచడానికి మా అన్న మిల్లుకు మించిన చోటేముంది? ఆదివారం మిర్యాలగూడ పోయాను. వడ్ల బస్తాలు తూచే కాంటా నేలకు జానెడు ఎత్తే ఉంటుంది. వాలుగా చెక్క వేయించుకుని కుర్చీతో సహా దాని మీదికెక్కాను. అంకెలు కనబడే పెట్టె అన్న వైపు తిరిగి ఉంది. అన్న కళ్లజోడు సర్దుకుని, పెదాలు కదిలించి, "ఎనబై తొమ్మిది" అని కేకేశాడు. నేను చప్పట్లు కొట్టాను. అదే అంకె పంపించాను, బండి ఖాయమైంది. వదిన ఆ సాయంత్రం పాలతాలికలు చేసింది.

నెలన్నర తర్వాత, కోతల రోజుల్లో, మళ్లీ మిల్లుకు పోయాను. హుజూర్‌నగర్ వైపు రైతు ఒకాయన వడ్లు తెచ్చాడు. అన్న కాంటా ముందు కూర్చుని బరువులు చెబుతున్నాడు. ఆ రైతు పెట్టెలోకి తొంగి చూసి గొడవ పెట్టుకున్నాడు.

"గాడ నలబై రెండు చూపెడుతుంటె నలబై అంటవేంది సేటు?"

"తేమ లేదా, తాలు లేదా? తరుగు తియ్యొద్దా?" అన్నాడు అన్న.

మా దిక్కు వడ్ల వ్యాపారంలో ఇది ఎప్పటినుంచో ఉన్నదే. బస్తాకు ఇన్ని కిలోలని తరుగు తీసేసి, మిగిలిందే బరువంటారు. రైతులు తిడతారు, మిల్లులవాళ్లు తీస్తూనే ఉంటారు. ఈ విషయంలో అన్నతో నాకు ఎప్పుడూ పడదు. కానీ ఆరోజు నాకు వచ్చిన అనుమానం వేరు.

"అన్నా, ఆనాడు నాకు గూడ తరుగు తీసినవా?"

అన్న నావైపు అయోమయంగా చూశాడు. "తియ్యకుంటె ఎట్ల? రెండు బస్తాల బరువుంటివి, నాలుగు కిలోలు తీసిన."

రైతు పగలబడి నవ్వాడు. హమాలీలు నవ్వారు. అన్నకు అప్పుడుగానీ వెలగలేదు. నెత్తిమీద చేయి పెట్టుకున్నాడు. నలభై ఏళ్ల అలవాటు, సొంత చెల్లెలిని కూడా వదల్లేదు. మళ్లీ తూచాం. ఈసారి పెట్టె నావైపు తిప్పించుకున్నాను. తొంభై మూడు.

"మూడు కిలోలకు ఏమైతది? చెప్పకు" అన్నాడు అన్న. అన్నను కసిరి, అక్కడికక్కడే కెన్యాకు ఫోన్ చేశాను. ఆవిడ చెప్పినందుకు సంతోషించింది, లిఫ్టు మాత్రం కుదరదంది. ఒళ్లు తగ్గినా ప్రయాణం నాటికి మళ్లీ పెరగదని హామీ లేదంది. ఇంకో పెద్ద బండి ఉంది. దానికి లిఫ్టు లేదు, పది అడుగుల ఇనుప పలక ఉంది. బండిని రాతిగట్టుకు ఆనించినా, గట్టు మీంచి ఇంకా మోకాలెత్తు ఎక్కాలి. సొంతంగా ఎక్కినవాళ్లు తక్కువేనంది. తర్వాత నన్ను ఓదార్చడానికి అన్నట్టు, మా దగ్గర బలమైన మనుషులున్నారు, నలుగురు ఎత్తుకుంటారంది.

ఆఫ్రికాలో కూడా అదే మాట! ఫోన్ పెట్టేసి అన్నను నానా మాటలన్నాను. తర్వాత చెప్పాను, ఎక్కడం నేర్చుకోవడానికి అలాంటిదే ఒక పలక చేయించమని.

మిల్లు ఇనుప పనులు చేసే మేస్త్రీ కోదాడలో ఉంటాడు. కొలతలన్నీ రాసుకుని, గీతలున్న రేకుతో పది అడుగుల పలక చేశాడు. చేసి ఊరుకోలేదు. "పైన కప్పీ బిగించి తాడు కడదామండీ. ఇద్దరు లాగితే సరిపోద్ది కదా, మీకెందుకు ఈ తిప్పలు?" అన్నాడు. నేను చూసిన చూపుకు కప్పీ మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

పలకను మోకాలెత్తున్న మిల్లు గట్టుకు ఆనించి, మొదటి ఆదివారం ప్రయత్నించాను. రెండడుగులు ఎక్కి వెనక్కి జారాను. అన్న పట్టుకున్నాడు. పట్టుకున్నందుకు తిట్టాను. రెండోసారి పట్టుకోలేదు, కుర్చీ పక్కకు తిరిగి మోచేయి గీసుకుపోయింది. అప్పుడూ తిట్టాను. వారమంతా బడి ముందు ఎత్తురోడ్డు మీద కుర్చీ తోసుకునేదాన్ని. చేతులకు బొబ్బలొచ్చి, పగిలి, గట్టిపడ్డాయి. నెలన్నర గడిచినా సగం పలక దాటలేదు. ఒక ఆదివారం నిజంగానే ఓడిపోయాననిపించింది. నలుగురితో ఎత్తించుకోవడమో, మానుకోవడమో తేల్చుకోవాలని పలక కింద తలవంచుకుని కూర్చున్నాను.

మిల్లులో పెద్ద హమాలీ ఒకాయన ఉన్నాడు. జీవితమంతా భుజాన బస్తాతో చెక్క మీదుగా లారీలెక్కిన మనిషి. ఇన్ని వారాలూ బీడీ కాలుస్తూ నన్ను చూస్తూనే ఉన్నాడు. ఎత్తుతానంటాడేమో అని పళ్లు కొరుక్కున్నాను. ఆయన దగ్గరికొచ్చి, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"సగంల ఆగుతున్నవ్ బిడ్డా. ఆగినవంటె బరువు ఎన్కకు గుంజుతది. సక్రాలను సూడకు, పలక కొసను సూడు. జర ముందుకు వంగు. తోసేటప్పుడు ఊపిరి ఇడువు."

ఇంతమందిలో నా బరువు ఎట్లా మొయ్యాలో నాకు చెప్పిన మొదటి మనిషి ఆయన. ఆరోజు ముప్పావు పలక ఎక్కాను. తర్వాత నాలుగు వారాలు ఆయన పక్కన నడుస్తూ "ఆగకు, ఆగకు" అంటూనే ఉన్నాడు. ఐదో వారం నా ముందు చక్రాలు గట్టు మీద పడ్డాయి, వెనకవీ వచ్చాయి. మిల్లంతా ఈలలు. నేను ఏడ్చాను, సిగ్గుపడకుండా, బిగ్గరగా. అన్న ఆరోజు పని బంద్ పెట్టి అందరికీ బిర్యానీ తెప్పించాడు.

జూలైలో వెళ్లాం. తెల్లవారిన కాసేపటికి గడ్డిమైదానం అంచున బండిని రాతిగట్టుకు ఆనించి పలక వేశారు. అలవాటు కొద్దీ నలుగురు మనుషులు చేతులు చాపుకుని వచ్చారు. నేను అరచేయి అడ్డం పెట్టాను. వాళ్లు ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, పక్కకు తప్పుకున్నారు. పలక కొసను చూస్తూ తోశాను. అక్కడ జూలై చలికాలం, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పదకొండు తోపుల్లో బండిలో ఉన్నాను. కుర్చీని నేలకు బిగించి, నా నడుముకు బెల్టు పెట్టుకున్నాను. వాళ్లలో ఒకడు టోపీ తీసి నవ్వాడు. నాకు ఎంత పొగరొచ్చిందంటే చెప్పలేను.

అన్న ఎక్కడమే మిగిలింది. పలక మంచుకు తడిసి ఉంది, ఆయన కాళ్లకు కొత్త బూట్లు. బండి తలుపు దాకా వచ్చి జారి, మోకాళ్ల మీద కూలబడ్డాడు. లేవబోయాడు, మళ్లీ జారాడు. కిందున్న నలుగురూ కదిలారు. వాళ్లకంటే ముందు, తలుపు పక్కనే ఉన్న నేను వంగి చేయి చాపాను.

"ఇటియ్యి అన్నా."

"నువ్వు గుంజుతవానే?"

"పట్టుకో, చెప్త."

పట్టుకున్నాడు. అరవై రెండేళ్ల మనిషిని, నా కంటే బరువైన మనిషిని, రెండు చేతులతో లాగాను. వచ్చి నా పక్క సీట్లో పడ్డాడు. బండి కదిలింది. మొదటి మలుపు తిరగగానే ఏనుగులు, పిల్లలతో సహా, దారికి అడ్డంగా నడుస్తున్నాయి. అన్న వాటిని చూడటం లేదు. నా చేతిని ఇంకా వదలకుండా, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"అటు చూడు అన్నా, ఏనుగులు" అని నేనే చెప్పాల్సి వచ్చింది.