సీరియల్‌లో చివరి ఆటో

కానుగ పూలు టైరు కింద నలిగితే చిన్న చప్పుడు వస్తుంది, బొరుగుల మీద నడిచినట్టు. మొన్న నంద్యాలలో మా పాత ఆటో స్టాండు దగ్గర మోటారు సైకిలు ఆపినప్పుడు ముందు ఆ చప్పుడు వినబడింది, తర్వాత నీడ తగిలింది. వెలుగోడు నుంచి వస్తున్నాం. వెనక కూర్చున్న వంశీ మా కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీరు. టీ తాగుదామన్నాడు. వరుసగా నిలబడిన ఆటోల వెనక, చివర్న, బండి ఆపాను. నేలంతా లేత గులాబీ రంగు పూలు. కాగిపోతున్న ఊళ్ళో ఆ ముక్క మాత్రం చల్లగా ఉంది. ఆ చల్లదనానికి కారణమైన మనిషిని మీలో ఎవరూ చూసి ఉండరు. ఆయన పేరు దస్తగిరి. మేము దస్తగిరన్న అనేవాళ్ళం.

సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఉద్యోగం దొరకక, నేను నాయన ఆటో తోలిన కాలం అది. నాయనకు వెన్నుపూసలు అరిగి కూర్చోవడం కష్టమైంది. బండి ఇంటి ముందు ఊరికే నిలబడి ఉంటే ఇల్లు గడవదు కనుక తాళాలు నేను తీసుకున్నాను. స్టాండులో అడుగు పెట్టగానే సుబ్బరాయుడనే డ్రైవరు, "ఇంజనీరు వచ్చినాడు, లేసి నిలబడండప్పా" అన్నాడు. అందరూ నిజంగానే లేచి నిలబడ్డారు. ఇక ఆ పేరు నన్ను వదల్లేదు. దస్తగిరన్న మాత్రం లేవలేదు. నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ టైరులో గాలి తక్కువుందని చెప్పి, వరుస చివరన చోటు చూపించాడు. "ఈడ సీరియలే సట్టం. ముందొచ్చినోడు ముందు పోతాడు. సదువుకున్నోడైనా అంతే" అన్నాడు.

ఆయన్ని ఎవరూ స్టాండుకు పెద్దమనిషిగా ఎన్నుకోలేదు. బేరం దగ్గర ఇద్దరికి మాట పెరిగితే ఇద్దరూ ఆయన ముఖం వైపు చూసేవాళ్ళు. అంతకు మించి ఆయనకు అధికారం లేదు.

అప్పట్లో స్టాండు అంటే ఎండే. నంద్యాల ఎండ సంగతి ఈ చుట్టుపక్కల వాళ్ళకు చెప్పక్కర్లేదు. హ్యాండిలు పట్టుకోవాలంటే తడిగుడ్డ చుట్టాలి. రోగిని ఆస్పత్రికి తీసుకుపోవాలని ఎవరైనా వస్తే, ముందు సీటు మీద నీళ్ళు చల్లి తుడిచేవాళ్ళం. ఒకరోజు దస్తగిరన్న తన ఆటోలో మనుషులకు బదులు కానుగ మొక్కలు ఎక్కించుకుని వచ్చాడు. నర్సరీలో అడిగి తెచ్చానన్నాడు. వాటిని రోడ్డువారగా నాటి, ఒక నియమం పెట్టాడు. బేరం ముగించుకుని వచ్చి సీరియల్‌లో చివర నిలబడినవాడు, టీ అంగడి కొళాయి దగ్గర క్యాను నింపుకుని మొక్కలకు పోయాలి. చివరివాడే ఎందుకని అడిగాను. ముందున్నవాడికి బేరం ఎప్పుడొస్తుందో తెలియదు, చివరివాడికి మాత్రం తీరిక ఖాయం అన్నాడు. నాకది చాలా నచ్చింది. పనికి మనిషిని వెతకనక్కర్లేదు, వరుసే మనిషిని ఇస్తుంది.

ఆ నియమాన్ని అందరూ పాటించారు. అదే కొంప ముంచింది.

వచ్చిన ప్రతి ఆటో ఒకసారి చివరి ఆటో అవుతుంది కదా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆకులు పసుపు పచ్చగా మారాయి. ఎండ దెబ్బే అనుకుని ఇంకా పోశారు. సుబ్బరాయుడైతే మొక్కలను నానా మాటలూ అంటూనే ఎవరూ చూడకుండా రెండో క్యాను కూడా పోయడం నేను చూశాను. ఆకులు రాలిపోయాక ఒక మొక్కను పెకలించాను. వేళ్ళు నల్లబడి, కుళ్ళు వాసన కొట్టాయి. మాది నల్లరేగడి నేల. తడిస్తే నీళ్ళను వదలదు. గుంటలన్నీ కుండల్లా నిండి ఉన్నాయి. మేము పోసిన నీళ్ళలోనే మొక్కలు మునిగి చచ్చాయి.

ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, కారణాలు ఒకటి, రెండు, మూడు అని వరుసపెట్టి చెప్పడం మొదలుపెట్టాను. నేల స్వభావం, గుంట లోతు, నీరు బయటికి పోయే దారి లేకపోవడం. సుబ్బరాయుడు మధ్యలో అడ్డుకుని, "ఈడ ఏమీ బతకవులే అన్నా. ఈ ఊరి ఎండకు మనమే బతికుండేది గొప్ప" అన్నాడు. నలుగురూ నవ్వారు. దస్తగిరన్న చచ్చిన మొక్కను చేతిలోకి తీసుకుని, వేళ్ళు వాసన చూసి, నెమ్మదిగా అన్నాడు.

"ఎండకు సావలేదప్పా. మనం సంపినాం. ఎండ సంపింటే మనం చేసేదేమీ లేదు. మనం సంపినాం గాబట్టి ఇంగోసారి చూడొచ్చు."

చదువుకున్న నాలుగేళ్ళలో తప్పు గురించి ఎవరూ నాకు అలా చెప్పలేదు. తప్పు మనదైతే పని ఇంకా మన చేతిలోనే ఉన్నట్టు. ఆయన మొహంలో బాధ కంటే ఊరట ఎక్కువగా కనిపించింది.

ఏం చేయాలో నన్ను అడిగాడు. నేలను ఎత్తు చేసి గట్టు మీద నాటాలని, అడుగున రాతిముక్కలు పరిచి, అక్కణ్ణుంచి పక్క పల్లంలోకి రాతిముక్కలతోనే ఒక సన్నటి దారి తియ్యాలని చెప్పాను. అన్ని రాతిముక్కలు యాడ దొరుకుతాయన్నాడు సుబ్బరాయుడు. దస్తగిరన్న మాత్రం అప్పటికే లేచి తన ఆటో దగ్గరికి నడుస్తున్నాడు. "ఆళ్ళగడ్డకు పోదాం పా" అన్నాడు.

ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు వరుసగా ఉంటాయి. సగం చెక్కిన దేవుళ్ళు, నందులు, నాయకుల విగ్రహాలు ఎండలో నిలబడి ఉంటాయి. మిషన్లు రాయిని కోస్తుంటే తెల్లటి దుమ్ము మేఘంలా లేస్తుంది. దస్తగిరన్న ఒక షెడ్డు ముందు ఆటో ఆపి, లోపలికి వెళ్ళకుండా రోడ్డు అవతలి పక్కన నిలబడి హారన్ కొట్టాడు. మిషన్ ఆగింది. పెద్ద మేస్త్రీ బయటికొచ్చి, తొట్టి దగ్గర మొహం, చేతులు, జుట్టు కూడా కడుక్కుని, అప్పుడు రోడ్డు దాటి వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నాడు.

"పని ఇడ్సిపెట్టి పోయినోడివి, ఇప్పుడు సెత్త అడగనీకె వచ్చినావా?" అన్నాడు మేస్త్రీ.

"నీ కాడ బాగుండేది సెత్తే గదన్నా" అన్నాడు దస్తగిరన్న.

తిరుగు దారిలో అడిగితే చెప్పాడు. పెళ్ళికి ముందు నుంచీ ఆ షెడ్డులోనే రాళ్ళకు పాలిష్ పట్టేవాడట. దగ్గు మొదలై, పడుకుంటే ఊపిరాడని స్థితి వచ్చినప్పుడు డాక్టరు ఆ పని మానకపోతే బతకవన్నాడట. ఆటో కొనుక్కుని నంద్యాల వచ్చాడు. వచ్చి చూస్తే ఇక్కడ రోడ్డు దుమ్ము, రైసు మిల్లుల బూడిద. "దుమ్మును తప్పిచ్చుకోని యాడికి పోతావప్పా? ఒకసారి పరిగెత్తినా. ఇంగ పరిగెత్తను" అన్నాడు. ఆకు అడ్డముంటే దుమ్ము కొంచెమైనా ఆకు మీద నిలుస్తుందని ఆయన నమ్మకం. నేను పుస్తకంలో చదివినదీ అదే. ఆయన మొక్కలను ఎందుకంత పట్టుదలగా పట్టుకున్నాడో నాకు ఆ రోజు తెలిసింది. మిగిలినవాళ్ళకు అవి నీడ. ఆయనకు ఊపిరి.

ఆ తర్వాత ఆళ్ళగడ్డ బేరానికి వెళ్ళిన ఆటో ఏదీ ఖాళీగా తిరిగి రాలేదు. ఒక్కో సంచి రాతిముక్కలు తెచ్చింది. గట్లు కట్టాం, దారులు తీశాం, మళ్ళీ నాటాం. ఈసారి నీళ్ళకు కొత్త నియమం. క్యానుకు ముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. వేలికి మట్టి అంటితే పోయకూడదు. సుబ్బరాయుడు ప్రయాణికుల ముందు కూడా వేలు చూపించి, "పొడిగా ఉండాది, సంతకం పెట్టు ఇంజనీరు" అని నన్ను ఆటపట్టించేవాడు. మొక్కలు నిలిచాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆటో పైకప్పును దాటాయి.

నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక రోడ్ల పనులు ఊపందుకున్నాయి. ఒక ఉదయం స్టాండు పొడవునా సున్నపు గీత కనిపించింది. మురుగు కాలువ వస్తుందట. గీత సరిగ్గా మా చెట్లలో మూడింటి మొదళ్ళ మీదుగా పోయింది. కాలువ అవసరమే. వాన వస్తే ఆ వీధిలో మురుగు ఇళ్ళలోకి పోతుంది. దస్తగిరన్న కాలువ వద్దనలేదు. "గీత కొంచెం జరుపుతారేమో అడుగుదాం. వట్టి చేతులతో అడిగితే నవ్వుతారు. నువ్వు గీసి ఇయ్యి" అన్నాడు.

టేపు పట్టి కొలిచి, చెట్ల వెనక నుంచి కాలువ వంపు తిరిగి మళ్ళీ పాత గీతలో కలిసేలా గీశాను. స్టాండు స్థలంలో కొంత కాలువ కింద పోతుంది. దానికి అందరూ సరేనన్నారు. కాలువ పని చూసే ఇంజనీరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన మంచివాడే. కాగితాన్ని శ్రద్ధగా చూసి, వాలు సరిపోతుందని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత పెన్నుతో వంపు దగ్గర ఒక చుక్క పెట్టాడు. "ఇక్కడ నీళ్ళు నెమ్మదిస్తాయి. మట్టి నిలుస్తుంది. నిలిస్తే వీధంతా మునుగుతుంది. ఎవరు తీస్తారు?" అన్నాడు.

"మేమే తీస్తాం సార్" అన్నాడు దస్తగిరన్న.

స్టాండుకు తిరిగొచ్చాక పెద్ద గొడవైంది. ఎవరినీ అడక్కుండా మాట ఎలా ఇచ్చావని నిలదీశారు. నీళ్ళు పోయడం వేరు, అది పుణ్యం కిందికి వస్తుంది. మురుగు కాలువలో దిగడం వేరు. అందరికంటే ఎక్కువ కోపం సుబ్బరాయుడికి వచ్చింది. "రేపు నా బిడ్డకు సంబంధం చూసేటోళ్ళు ఈ దావన పోతే ఏమని చెప్పల్ల? ఆటో తోలేటోడనా, కాలవ తీసేటోడనా?" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. దస్తగిరన్న తలొంచుకుని, అడక్కుండా మాటివ్వడం తన తప్పేనన్నాడు. ఎవరినీ దిగమని చెప్పనన్నాడు. మాట తనది కాబట్టి తానే తీస్తానన్నాడు.

కాలువ కట్టారు. మొదటి వానకే వంపులో మట్టి నిలిచింది. దస్తగిరన్న తన ఆటోను సీరియల్ చివర నిలిపి, ప్యాంటు పైకి మడిచి, ముక్కుకు తువాలు కట్టుకుని పారతో దిగాడు. నేను కూడా దిగాను. గీత నాది. మట్టి ఎక్కడ నిలుస్తోందో కళ్ళతో చూడాలి. వంపు లోపలి అంచున నిలుస్తోంది. అక్కడ మూల ఇంకా గుండ్రంగా ఉండాల్సింది, నేను గమనించలేదు. ఆయన తోడుతుంటే మధ్యమధ్య దగ్గు తెర వచ్చేది. ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ తోడేవాడు. ఈలోగా ఆయన వెనక వచ్చిన ఆటోలు ముందుకు పోయి బేరాలు తీసుకున్నాయి. పైన నీడలో కూర్చున్నవాళ్ళు మా వైపు చూడకుండా సెల్‌ఫోన్లు చూసుకున్నారు.

రెండో వానకు కూడా అంతే. మూడోసారి ఆయన పార అందుకోబోతుంటే సుబ్బరాయుడు వచ్చి పార లాక్కున్నాడు.

"నీకు మాట మిగిల్తే మాకేం మిగలద్దా అన్నా? నీడలో కూచుంటే ముడ్డి కింద ముళ్ళున్నట్టుండాది" అన్నాడు. దిగుతూ నా వైపు తిరిగి, "నీ వంకర గీతకు ఇది నా కట్నం, ఇంజనీరు" అన్నాడు.

ఆ రోజు నుంచి నీళ్ళ నియమమే మట్టికి కూడా వచ్చింది. వంపులో మట్టి కనిపిస్తే, చివర నిలబడినవాడు తీయాలి. ఎవరూ ప్రకటించలేదు. పార ఒక చెట్టు కొమ్మకు వేలాడింది, అంతే.

తర్వాత నాకు వెలుగోడు వైపు కాలువ పనుల్లో ఉద్యోగం వచ్చింది. నాయన ఆటో అమ్మేశాం. దస్తగిరన్నను ఆఖరుసారి చూసేనాటికి ఆయన బండి తోలడం మానేశాడు. మధ్యాహ్నాలు వచ్చి వంపు పక్కన వేసిన ఆళ్ళగడ్డ రాతిపలక మీద కూర్చుని ఊపిరి పీల్చుకునేవాడు. నేను పక్కన కూర్చోగానే, ఎన్నడూ చూడని కొత్త డ్రైవరొకడు పారతో వచ్చి, "పెద్దాయనా, జరుగు. ఆడ మట్టి తీయల్ల" అన్నాడు. దస్తగిరన్న లేచి పక్కకు జరిగాడు. వాడికి ఈయనెవరో తెలియదు. చెప్పబోతే ఆయన నా చెయ్యి నొక్కాడు. చాలా సంతోషంగా, "చూసినావా అప్పా, నన్నే లేపినాడు" అన్నాడు. పోయిన చలికాలంలో ఆయన పోయాడు.

ఇవన్నీ వంశీకి తెలియవు. టీ తాగుతూ కాలువ వెంట చూపు పోనిచ్చి, వంపు దగ్గర ఆగాడు. రాలిన కానుగ పూలు అక్కడ గడ్డకట్టి, నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయి.

"ఈ వంకర ఎవురు పెట్టినార్ సార్? కొలత తప్పినట్టుండాది."

"నేనే."

నమ్మలేనట్టు నా వైపు చూశాడు. తర్వాత, ఇంజనీరు కనుక, అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. "అట్లయితే ఆడ ఎప్పుడూ అడ్డం పడ్తాది గద సార్. ఎవురు తీస్తారు?"

గ్లాసు కింద పెట్టి వెనక్కి తిరిగి చూశాను. ఆటోల వరుస అలాగే ఉంది. మా మోటారు సైకిలు వెనక ఇంకా ఎవరూ వచ్చి నిలబడలేదు. చొక్కా చేతులు మడిచి, కొమ్మకు వేలాడుతున్న పార అందుకున్నాను.