మూడో దోసిలి

బస్సుల మీద ఇంకా మైసూరు రాష్ట్రమని రాసి ఉన్న రోజులవి. నడి ఎండాకాలంలో, బీదరు నుంచి చింతకి వెళ్ళే బస్సు ఎర్రమట్టి గుట్టల మధ్య మూలుగుతూ పోతోంది. నా నాలుక పిడచకట్టుకుపోయింది. పక్కన కూర్చున్న ముసలాయన ఒడిలో, మూతికి తడిగుడ్డ కట్టిన ఇత్తడి చెంబు కనిపించింది.

"పెద్దయ్యా, కాసిని నీళ్ళు పోస్తావా?" అన్నాను.

ఆయన ఒక్క క్షణం చెంబు వంక చూసి, గుడ్డ విప్పాడు. రెండు దోసిళ్ళు తాగాను. బుద్ధి లేనివాణ్ణి, మూడో దోసిలి పట్టి మొహాన చల్లుకున్నాను. ఆయన గుక్కెడైనా తాగకుండా మళ్ళీ గుడ్డ కట్టేశాడు.

"నువ్వు తాగవా?"

"ఇవి మా అక్కకు బిడ్డా. పానం పోయేటట్టున్నది. తల్లిగారి బాయినీళ్ళే కావాలంటాంది. మా ఊరు కమఠాణ పోయి చేదుకొని వస్తున్న."

"అయ్యో, ముందే చెప్పొద్దా?"

"దూపైనోళ్ళకు లేవంటే అక్క తిడ్తది."

ఒక గుట్ట దగ్గర ఆయన దిగాడు. ఎండలో నిలబడి, చెంబును చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపి విన్నాడు. తర్వాత గబగబా కాలిబాట పట్టాడు.

ఆ తర్వాత ఎవరు నీళ్ళు పోసినా, ఎంత ఎండలోనైనా, నేను మూడో దోసిలి పట్టలేదు.