సగం సముద్రంలో పడ్డ వృత్తం

మా ఊళ్లో ఒక ఆర్థికశాస్త్ర ఆచార్యులున్నారు. నగరాలు ఎలా పెరుగుతాయో చెప్పడం ఆయన పని. ఎలమంచిలి సంత మీద రాసి లెక్చరరయ్యారు. పద్మనాభం నుంచి రోజూ బస్సులో పనికొచ్చేవాళ్ల మీద రాసి ప్రొఫెసరయ్యారు. ఆ బస్సు మాత్రం ఎక్కలేదు. రిటైరయ్యాక తీరం అభివృద్ధికి వేసిన కమిటీకి పెద్ద అయ్యారు.

ఆయన రాసిందంతా నేను చదివాను. పదో తరగతితో బడి మానేసిన ఫిట్టర్ని. షిఫ్టు దిగితే గ్రంథాలయానికి వెళ్లాకే ఇంటికి పోతాను.

కమిటీ నివేదికా అక్కడే దొరికింది. తీరంలో జనం పలచగా ఉన్నారు, బోలెడు జాగా ఉంది, హోటళ్లు కట్టొచ్చు, చేపలమ్మేవాళ్లను ఊరి లోపలికి పంపాలి అని రాశారు. జాలరిపేట రోడ్డు చివర, పెళ్లయిన నాటినుంచీ మా అక్క చేపల గంప దించే చోటు కూడా పోతుందన్నమాట.

పటం చూశాను. ఊరి నడిబొడ్డున కంపాసు ముల్లు గుచ్చి వృత్తం గీశారు. అందులో సగం సముద్రం. జనాన్ని ఆ నీళ్ల మీద కూడా పరిచి లెక్క కట్టారు, అందుకే పలచగా తేలారు!

అక్కకు చెప్తే ఈగలు తోలుతూ అంది: "సంద్రంలో జనం నేరని రాసాడేటి? మీ బావ తెల్లారేసరికి అక్కడే కదరా ఉంటాడు!"

నివేదిక మీద పెట్టిన అభిప్రాయ సేకరణ సభలో లేచి ఈ సగం సముద్రం సంగతి చెప్పాను. హాలంతా గొల్లున నవ్వింది.

"తమరేం చదివారండీ?" అన్నారు ఆచార్యులు.

"మా గ్రంథాలయంలో ఉన్నవన్నీనండి. మీవి రెండేసి సార్లు."

సవరిస్తామని రాసుకున్నారు. ఆ రోజు అక్క నాకు వంజరం చేప ముక్కలు వండి పెట్టింది.

సవరించిన నివేదిక వచ్చింది. లెక్కలోంచి సముద్రాన్ని తీసేశారు. దాంతో తీరం ఒక్కసారిగా కిక్కిరిసిపోయింది. కాబట్టి రద్దీ తగ్గడానికి చేపలమ్మేవాళ్లను ఊరి లోపలికి పంపాలట. హోటళ్ల పేరాలో అక్షరం మారలేదు. ముందుమాటలో మాత్రం 'శ్రద్ధగల ఒక పాఠకుడికి' కృతజ్ఞతలు చెప్పారు.

గంప పక్కన నిలబడి అక్కకు అదంతా చదివి వినిపించాను.

"ఖాళీగున్నా ఎల్లమన్నాడు, ఇరుగ్గున్నా ఎల్లమన్నాడు. మరి నువ్వేటి సరిసేసినావురా?"

అక్క గంపను అంగుళం కూడా జరపకుండా, పక్కనున్న పీట నా వైపు తోసింది.

"ఇక్కడ కూకో. ఆ బాబు మల్లీ ఖాళీ అన్నాడనుకో, నువ్వుంటావు. ఇరుకన్నాడనుకో, నిన్ను లేపేత్తాను."